పరిశీలకుడి అభిప్రాయం

20 జూన్ 2004, ఆదివారం

నిన్న రాజమండ్రి నుంచి రిజిస్టర్డ్ కవరు వచ్చింది. కనకాంబ కళా ట్రస్టు వారిది. ఈ ఏడాది నుంచి మన వైపు కళాకారులకి ఫెలోషిప్పులు ఇస్తారట. ఏడాదిపాటు నెలనెలా భత్యం, రాజమండ్రిలో మూడు నెలల శిక్షణ. దరఖాస్తు పెట్టుకున్నవాళ్ల పని స్వయంగా చూసి, ఎలా ఉందో రాసి పంపడానికి ప్రాంతానికొక పరిశీలకుడు. మండపేట ప్రాంతానికి నేను.

కవరు మీద ‘శ్రీ సత్యప్రసాద్ గారు, చిత్రలేఖన ఉపాధ్యాయులు’ అని టైపు చేశారు. ఇరవై రెండేళ్ల సర్వీసులో నన్ను ఆ మాటతో ఎవరూ పిలవలేదు. స్కూల్లో నేను డ్రాయింగు మాస్టార్ని. లెక్కల మాస్టారు సెలవు పెడితే ఆ పీరియడ్‌కి పంపించే మనిషిని.

కవరు మా ఆవిడ రమకి ఇచ్చాను. చేతులు తుడుచుకుని మరీ చదివింది. రెండుసార్లు చదివింది.

మా ప్రాంతం నుంచి వచ్చిన దరఖాస్తు ఒక్కటే. వీరబ్రహ్మానిది. లారీ స్టాండు పక్కన బోర్డులు రాసే మా బ్రహ్మం.

పరిశీలకుణ్ని నేనని వాడికి తెలియదు. చెప్పకూడదు కూడా. రెండో పేజీ పైన ‘గోప్యం’ అని ఉంది.

23 జూన్

స్కూలయ్యాక అటు వెళ్లాను. రైసుమిల్లు లారీకి వెనక తలుపు మీద రాస్తున్నాడు. స్కేలు లేదు, గీత లేదు. కళ్లు సగం మూసి ఒకసారి చూస్తాడు, కుంచె పెడతాడు. అంతే. ‘శ్రీ’ రాయడానికి కుంచె మూడుసార్లు కూడా ఎత్తలేదు. వాడి తలకట్టు ఎప్పుడూ కొంచెం వెనక్కి వాలి ఉంటుంది, ఎదురుగాలికి నడుస్తున్న మనిషిలా. ఈ చుట్టుపక్కల ఏ బోర్డు చూసినా సంతకం వెతక్కుండానే అది బ్రహ్మం రాసిందని చెప్పొచ్చు.

“ఏరా సత్యం, దారి తప్పావా?” అన్నాడు.

“ఊరికే వచ్చాన్రా.”

“కూర్చో. ‘శ్రీ’ అయిపోయింది, ‘వెంకటేశ్వర’ ఉంది. పొడుగాటి స్వామి. తలుపు చాలదు.”

చాలింది. చివరి అక్షరం దాకా ఎక్కడా ఇరుకు లేదు. పక్కన నిలబడ్డ క్లీనరు నోరు తెరిచి చూస్తున్నాడు. నేను కూడా తెరిచానేమో తెలియదు.

ఫెలోషిప్పు సంగతి వాడే ఎత్తాడు. “పేపర్లో చూసి వేశాన్రా. మూడు నెలలు కంప్యూటరు నేర్పుతారట. ఇప్పుడంతా ప్రింటు బ్యానర్లు వచ్చేస్తున్నాయి కదా. మన అక్షరాలు అందులోకి ఎక్కించొచ్చేమో చూడాలి.”

“మంచిదే,” అన్నాను.

27 జూన్, ఆదివారం

ఫారం పూర్తి చేశాను. చివర్లో ‘పరిశీలకుడి అభిప్రాయం’ అని ఐదు వరుసల గడి ఇచ్చారు. ఇలా రాశాను:

‘అభ్యర్థి పని వాణిజ్య అవసరాల కోసం చేసే రాత. చేతివాటం ఉన్నప్పటికీ సృజన లేదు. దీనిని కళగా పరిగణించలేము.’

ఇందులో అబద్ధం ఏమీ లేదు. బోర్డులు వాణిజ్యమే కదా. ట్రస్టు వాళ్ల నియమాల్లో ‘సృజనాత్మక’ అనే మాట మూడుచోట్ల ఉంది. స్నేహితుడని సిఫారసు చేస్తే అది పక్షపాతం అవుతుంది. నా స్థానంలో ఎవరున్నా ఇదే రాస్తారు.

28 జూన్

పోస్టు చేశాను.

3 జూలై

వడ్డిస్తూ రమ అడిగింది. “బ్రహ్మం అన్నయ్యగారికి వస్తుందా అండి?”

అది కమిటీ వాళ్ల నిర్ణయం అని చెప్పాను. నిజంగా అది కమిటీ నిర్ణయమే. నలుగురు పెద్దవాళ్లు కూర్చుంటారు. నా మూడు వాక్యాల మీద ఏదీ ఆగదు.

14 ఆగస్టు

ఇంటర్వెల్లో గేటు దగ్గర బ్రహ్మం నిలబడి ఉన్నాడు. చేతిలో ట్రస్టు కవరు.

“రాలేదురా,” అన్నాడు నవ్వుతూ.

ఎదురుగా ఉన్న కొట్లో టీ చెప్పి, కాగితం విప్పి చదివాడు. “‘దీనిని కళగా పరిగణించలేము.’ ఏంట్రా ఇది? పరిగణించలేము! ఎంత పొడుగు మాటో చూడు. బోర్డు మీద రాయాలంటే ఆరడుగుల రేకు కావాలి.”

నా వాక్యమే. వాళ్లు ఒక్క అక్షరం కూడా మార్చలేదు.

“ఎవరో పెద్దాయన అయ్యుంటాడు,” అన్నాడు బ్రహ్మం. “పాపం ఆయనకి నా పని దగ్గరుండి చూపించినవాళ్లు లేరు. నువ్వు ఒకసారి నాతో రాజమండ్రి వచ్చుంటే బావుండేది. నీకు ఆ మాటలన్నీ వచ్చు.”

“ఈసారి చూద్దాంలే.”

“చూద్దాం, చూద్దాం. టీ చల్లారిపోతోంది, తాగు.”

తాగాను. గంట కొట్టారు. లేవబోతుంటే చొక్కాకి అంటిన సుద్దపొడి వాడే దులిపాడు.

15 ఆగస్టు

జెండా పండుగ. బోర్డు మీద రంగు సుద్దలతో జెండా వేశాను. హెడ్మాస్టరు గారు బావుందన్నారు.

8 సెప్టెంబరు

సెంటర్లో ఫ్లెక్స్ కొట్టు తెరిచారు. పొద్దున చెబితే రాజమండ్రిలో ప్రింటు చేయించి సాయంత్రానికి తెచ్చిస్తారు. మొన్న గురుపూజోత్సవానికి మా స్కూలు కూడా ఫ్లెక్సే కట్టింది. ‘గురుపూజోత్సవం’లో ‘స’ వత్తు ఊడి పక్కకి పడింది. ఎవరూ గమనించలేదు. నేను గమనించాను. ఎవరికీ చెప్పలేదు.

ప్రతి ఏడూ ఆ గుడ్డ బ్యానరు రాసేది బ్రహ్మమే.

2 అక్టోబరు

రైసుమిల్లు వాళ్లు కూడా బోర్డు మార్చేశారు.

19 నవంబరు

ఇవాళ స్కూలుకి వెళ్లేసరికి ప్రహరీ గోడకి ఎవరో రంగు వేస్తున్నారు. నిచ్చెన మీద ఉన్న మనిషి వీపు చూసి గుర్తుపట్టాను. పక్కకి తిరిగి వెళ్లిపోదామనుకున్నాను. ఈలోపు చూశాడు.

“ఏరా, మీ హెడ్మాస్టరు మంచివాడురా. గోడంతా నాకే ఇచ్చాడు,” అన్నాడు పైనుంచి.

ఆ గోడ మీద స్కూలు పేరు, దాని కింద ‘చదువుకున్న ఇల్లు వెలుగున్న ఇల్లు’ అని ఉండేది. వాడు రాసిందే. పుష్కరాల ఏడు, తొంభై ఒకటిలో రాశాడు. అప్పట్లో వాడికి తిండి తినే తీరిక లేదు. ఇక్కణ్నుంచి కోటిపల్లి దాకా రేవులన్నింటికీ బోర్డులు వాడే రాశాడు. ఇప్పుడు రోలరుకి పసుపు రంగు అద్ది ఆ అక్షరాల మీద నుంచి పైకీ కిందకీ లాగుతున్నాడు. ‘చదువు’ పోయింది. ‘కున్న’ సగం పోయింది.

“కొట్టేస్తున్నావా?” అన్నాను.

“కొట్టెయ్యడం ఏంట్రా, రంగేస్తున్నాను. కిందే ఉంటాయిగా.”

మొదటి పీరియడంతా కిటికీలోంచి ఆ గోడే కనబడింది. పిల్లలకి కుండీలో మొక్క వెయ్యమని చెప్పి కూర్చున్నాను.

21 నవంబరు, ఆదివారం

ఇది ఎప్పుడో రాయాల్సింది.

మాకు పదహారేళ్లప్పుడు నేనూ బ్రహ్మమూ సత్తియ్య గారి దగ్గర పని నేర్చుకున్నాం. సినిమా హాలు వెనక రేకుల షెడ్డులో ఆయన పెద్ద పెద్ద బోర్డులు వేసేవాడు. రంగులు కలపడం, రేకులు రుద్దడం మా పని. ఒకరోజు ఇద్దరికీ చెరో రేకు ఇచ్చి ‘మండపేట’ అని రాయమన్నాడు. నేను స్కేలు పెట్టి, పెన్సిలుతో గీసుకుని మధ్యాహ్నం దాకా రాశాను. బ్రహ్మం అరగంటలో రాసేసి గోళీలాడటానికి పోయాడు.

సత్తియ్య గారు రెండు రేకులూ ఎండలో నిలబెట్టి దూరంగా వెళ్లి చూశాడు. తిరిగొచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, “సత్యం, నువ్వు పరీక్షలు రాసుకోరా. నీకు ఉద్యోగం వస్తుంది,” అన్నాడు. ఎంతో ప్రేమగా అన్నాడు. బ్రహ్మంతో ఏమీ అనలేదు. తన కుంచె తీసి వాడి చేతిలో పెట్టాడు.

డ్రాయింగు లోయరు పాసయ్యాను. హయ్యరు పాసయ్యాను. టీటీసీ చేశాను. ఉద్యోగం వచ్చింది. ప్రతి పరీక్ష పాసైనప్పుడూ ఆయన మాట తప్పని రుజువు చేశాననుకున్నాను. ఆయన చెప్పిందే జరుగుతోందని నాకు తట్టనే లేదు. పెళ్లయ్యాక ఒక్క బొమ్మ వేశాను, గోదావరి మీద పడవ. ముందుగదిలో ఉంది. వచ్చినవాళ్లు కేలండరుదా అని అడుగుతారు.

జూన్‌లో ఆ గడి ముందు కూర్చున్నప్పుడు ఇదేమీ నాకు గుర్తురాలేదు.

వచ్చింది.

6 ఫిబ్రవరి 2005, ఆదివారం

బ్రహ్మం, వాళ్లావిడ సంపూర్ణమ్మ ఇంటికి వచ్చారు. ట్రస్టు మళ్లీ దరఖాస్తులు పిలిచిందట.

“ఈసారి నువ్వు రాసిపెట్టాల్రా,” అన్నాడు. “నాకు బోర్డుకి పట్టేంత మాటలే వచ్చు. వాళ్లకి పేజీలు కావాలట.”

సంపూర్ణమ్మ రమతో, “వద్దంటే వినట్లేదండి. మళ్లీ అదే మాట రాసి పంపిస్తే ఈయన మొహం చూడలేం,” అంది. “అన్నయ్యగారు రాస్తే వస్తుందిలే అని ధైర్యం.”

నాలుగు పేజీలు రాశాను. ఒక అక్షరానికీ ఇంకో అక్షరానికీ మధ్య వాడు వదిలే చోటు గురించి రాశాను. ఆ వాలిన తలకట్టు గురించి రాశాను. రాతకి పూర్వం నుంచీ ఉన్న మర్యాద గురించి రాశాను. ఇరవై ఏళ్లుగా ఈ చుట్టుపక్కల పిల్లలు బడికి వెళ్లకముందే వాడి అక్షరాలు చూసి అక్షరాలు నేర్చుకున్నారని రాశాను. చదివి వినిపిస్తే బ్రహ్మం తల వంచుకుని కూర్చున్నాడు.

“నిజంగా అలా ఉంటాయంట్రా?” అన్నాడు చివరికి.

ఉంటాయన్నాను. నా మనసు కాస్త తేలికపడింది. చేసిన తప్పు దిద్దుకున్నట్టే అనుకున్నాను.

12 మార్చి

ట్రస్టు నుంచి కవరు వచ్చింది. ఈసారి కూడా పరిశీలకుణ్ని నేనే.

దరఖాస్తు రాసింది నేనేనని, కాబట్టి తప్పుకుంటున్నానని వాళ్లకి తెలియజెయ్యాలి. అదే పద్ధతి.

13 మార్చి

తెలియజెయ్యలేదు. చెబితే నిరుటి సంగతి కూడా బయటికొస్తుంది. ఈసారి గడి చాలక వెనక పేజీ దాకా రాశాను. ‘ఇటువంటి రాత ఈ జిల్లాలో మరొకరికి లేదు’ అని ముగించాను. నిజమే రాశాను కనక తప్పేముంది?

18 ఏప్రిల్

22వ తేదీ పదకొండింటికి రమ్మని ట్రస్టు కార్యదర్శి నాగేశ్వరప్రసాద్ గారి దగ్గర్నుంచి ఉత్తరం. ఎందుకో లేదు. బ్రహ్మానికి కూడా అదే రోజు పిలుపు వచ్చిందట. సంతోషంతో చెప్పడానికి వచ్చాడు. “ఇంటర్వ్యూ అన్నమాట. ఇద్దరం కలిసే వెళ్దాం. నాకు ధైర్యంగా ఉంటుంది.”

22 ఏప్రిల్

రాజమండ్రి వెళ్లొచ్చాను. నాగేశ్వరప్రసాద్ గారు రెండేళ్ల ఫారాలూ పక్కపక్కన పెట్టి అడిగారు. తప్పు ఒప్పుకున్నాను. బ్రహ్మం ముందే ఒప్పుకున్నాను. అంతా చెప్పేశాను. ఇప్పుడు ఏ బరువూ లేదు.

23 ఏప్రిల్

నిన్న రాసింది అబద్ధం. ఇక్కడ కూడా అబద్ధం రాస్తే ఇంకెక్కడ నిజం రాస్తాను?

జరిగింది ఇది.

బస్సులో బ్రహ్మం కిటికీ పక్కన కూర్చున్నాడు. ఒళ్లో ఆల్బం. ఇన్నేళ్లలో రాసిన బోర్డుల ఫొటోలు అతికించుకున్నాడు. కడియం దాటాక ఒక పాత బోర్డు చూపించి, “అది నాదే, ఇంకా వెలవలేదు చూడు,” అన్నాడు. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. గోళ్లలో రంగు పోలేదని కిరసనాయిలుతో తుడుచుకున్నాడట, ఆ వాసన.

హాల్లో పెద్ద బల్లకి అవతల నలుగురు. నాగేశ్వరప్రసాద్ గారు మధ్యలో కూర్చున్నారు. రిటైరైన ప్రిన్సిపాలట, నెమ్మదిగా మాట్లాడతారు. బ్రహ్మం ఆల్బం ముందుకి జరిపాడు. ఆయన దాన్ని తెరవకుండా చెయ్యి మాత్రం దాని మీద పెట్టి, “ఈ దరఖాస్తు ఎవరు రాశారండి?” అని అడిగారు.

“మా సత్యం అండి,” అన్నాడు బ్రహ్మం, నా వైపు చూపించి. “చిన్నప్పట్నుంచి నేస్తం. నాకు అన్ని మాటలు రావండి.”

“వీరే మా పరిశీలకులు. ఆ సంగతి మీకు తెలుసా?”

బ్రహ్మం నా వైపు చూసి నవ్వాడు. నేను ఎంత పెద్దవాణ్నో ఇప్పుడే తెలిసినట్టు నవ్వాడు. ఆ నవ్వు మర్చిపోగలనా?

నాగేశ్వరప్రసాద్ గారు నిరుటి కాగితం తీసి బల్ల మీద పెట్టారు. ఈ ఏటిది దాని పక్కన పెట్టారు. “పోయినేడు కళే కాదన్నారు. ఈ ఏడు జిల్లాలోనే ఇలాంటివాళ్లు లేరంటున్నారు. చేతిరాత ఒకటే, మనిషి ఒకడే, పని ఒకటే. మధ్యలో ఏం మారింది మాస్టారూ?” ఆయన బ్రహ్మం వైపు తిరిగి, “వీరికి మీరేమైనా ఇచ్చారా?” అని అడిగారు.

బ్రహ్మానికి ఆ మాట అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అప్పటికే వాడు నిరుటి కాగితం చేతిలోకి తీసుకున్నాడు. పెదాలు కదుపుతూ చదువుతున్నాడు. ‘చేతివాటం ఉన్నప్పటికీ’ దగ్గర ఆగాడు.

నేను అన్నాను, “నిరుడు సరిగ్గా చూడలేకపోయానండి. స్కూలు తెరిచిన రోజులు, తీరిక లేదు.”

ఇదీ నేను ముందు చెప్పింది. ఒప్పుకోలు కాదు. చూడలేకపోయానని చెప్పాను.

“చూడకుండా రాశారా, లేకపోతే ఈసారి తీసుకుని రాశారా?” అన్నారు ఆయన. “ఎందుకంటే, తీసుకున్నారని తేలితే ఈ దరఖాస్తు ఇక్కడితో ఆగిపోతుంది. ఇక మీదట కూడా ఈయన వెయ్యడానికి ఉండదు.”

బ్రహ్మం కాగితం కింద పెట్టలేదు. వాడి బొటనవేలు నా సంతకం మీద ఉంది.

“చూశానండి,” అన్నాను. “లారీ స్టాండుకి వెళ్లి దగ్గర కూర్చుని చూశాను. బావుంది కనకే అలా రాశాను.”

ఆ నలుగురికీ వెంటనే అర్థం కాలేదు. బ్రహ్మానికి అర్థమైంది.

“ఆయన నాకేమీ ఇవ్వలేదండి. పదహారేళ్లప్పట్నుంచి నాకు వాడంటే... వాడి చెయ్యంటే ఓర్వలేనితనం. అంతే. ఈ ఏడు రాసిందే నిజం.”

ఫ్యాను తిరుగుతోంది, కాగితాలు లేస్తున్నాయి. చివరికి నాగేశ్వరప్రసాద్ గారు బ్రహ్మాన్ని, “మీరేమైనా చెప్పుకుంటారా?” అని అడిగారు.

“నా సంగతి నా అక్షరాలు చెబుతాయండి,” అన్నాడు బ్రహ్మం. కాగితాన్ని మడత నలగకుండా బల్ల మీద పెట్టాడు. “ఈయన సంగతి ఈయన చెప్పుకున్నారు.”

ఈయన అన్నాడు.

తిరుగు బస్సు కూడా ఒకటే. వాడు ముందు సీట్లో, నేను వెనక. మండపేటలో దిగి వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

24 ఏప్రిల్

రమకి చెప్పాను. కూర తరుగుతున్నది తరుగుతూనే వింది. ఆఖరికి, “ఆ కవరు వచ్చిన రోజు నేనెంత పొంగిపోయానో,” అంది.

2 మే

పరిశీలకుడిగా ఇక నా సేవలు అవసరం లేదని ట్రస్టు రాసింది. బ్రహ్మం పని చూడ్డానికి కాకినాడ నుంచి ఇంకొకరిని పంపుతున్నారట.

17 మే

సంతలో సంపూర్ణమ్మ ఎదురైంది. తప్పించుకుందామని కొబ్బరికాయల వైపు తిరిగాను. తనే వచ్చింది.

“అన్నయ్యగారూ, ఆయన రెండు రోజులు అన్నం ముట్టుకోలేదండి. జొరమేమో అనుకున్నాను. తర్వాత చెప్పారు.”

“అమ్మా, నేను...”

“మీ మీద ఒక్క మాట అనలేదండి ఆయన. నేనంటుంటే కూడా ఊరుకోమన్నారు. అనేసుంటే బావుండేదండి.” సంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. “మేం మీకేం చేశామండి?”

సమాధానం కోసం నిలబడింది. ఏమీ చెయ్యలేదు వాళ్లు. బాగా రాయడం తప్ప.

11 జూన్

బ్రహ్మానికి ఫెలోషిప్పు వచ్చింది. సెప్టెంబరు నుంచి శిక్షణ. మా తెలుగు మాస్టారు అచ్చిబాబు గారు స్టాఫు రూములో అందరికీ చెప్పారు. “మీ నేస్తానికి వచ్చిందట కదా, పార్టీ మీరే ఇవ్వాలి,” అన్నారు నాతో.

సంతోషం కలగలేదు. కలగలేదని రాసుకోవాలి కదా. వెళ్లి చెబుదామని లారీ స్టాండు మలుపు దాకా వెళ్లి వచ్చేశాను.

28 అక్టోబరు

అచ్చిబాబు గారు పని మీద రాజమండ్రి వెళ్లి ఆ శిక్షణ ఎలా ఉందో చూసొచ్చారు. మొదటి వారం బ్రహ్మం మౌస్ పట్టుకుంటే గీత ఎటో పోయేదట. ఇప్పుడు పర్వాలేదట. అక్షరాలన్నీ కాగితం మీద రాయించి ఒక్కొక్కటే కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నారట. వత్తులు ఊడకుండా ఎలా కూర్చాలో కంప్యూటరు మాస్టారికి బ్రహ్మమే చూపిస్తున్నాడట. తమ పని గురించి తామే నలుగురిలో మాట్లాడటం కూడా నేర్పుతారట. బ్రహ్మం ‘ఱ’ గురించి పావుగంట మాట్లాడితే అంతా చప్పట్లు కొట్టారట.

“మీ పేరు చెప్పాను. అలాగాండి అన్నాడు,” అన్నారు అచ్చిబాబు గారు. “మీకూ వాడికీ ఏమైనా తేడా వచ్చిందా?”

లేదన్నాను.

29 అక్టోబరు

వచ్చిందండి, నా వల్లే వచ్చింది అని ఇవాళ చెప్పాను. మొత్తం చెప్పాను. ఆయన కాసేపు నా మొహం చూసి, పిల్లల పేపర్లు దిద్దుకోవడానికి వంగారు.

4 డిసెంబరు, ఆదివారం

శిక్షణ ముగిశాక ప్రతి ఒక్కరూ సొంత ఊళ్లో నలుగురికీ కనబడేలా ఒక పని చేసి చూపించాలట. బ్రహ్మం మా లైబ్రరీ బయటి గోడ ఎంచుకున్నాడు. రెండు పక్కలా, అ నుంచి ఱ దాకా మొత్తం అక్షరమాల. వచ్చే ఆదివారం మొదలు.

చెప్పాల్సిన మాట ఒక కాగితం మీద రాసుకున్నాను. చింపేశాను. ఇంకోటి రాశాను.

11 డిసెంబరు, ఆదివారం

ఎనిమిదింటికి వెళ్లాను. గోడకి తెల్లరంగు ముందే వేసి ఉంచాడు. బ్రహ్మం ఒక్కడే ఉన్నాడు. నిరుటికంటే జుట్టు తెల్లబడింది. ఇంత పొడుగు గోడకి కంటి కొలత చాలదు. నీలిమందు అద్దిన దారం రెండు చివరలా బిగలాగి మధ్యలో మీటితే గోడ మీద గీత పడుతుంది. అవతలి చివర మేకుకి కట్టి లాగుతున్నాడు. పాత గోడ, మేకు ఊడి వస్తోంది. మళ్లీ కొట్టాడు. మళ్లీ ఊడింది.

“బ్రహ్మం,” అన్నాను.

తిరిగి చూశాడు.

“నీతో ఒక మాట...”

“పని మీద ఉన్నానండి,” అన్నాడు. కిందపడ్డ దారం చివర వైపు చూశాడు. “ఖాళీగా ఉంటే అది పట్టుకోండి.”

మీరు అన్నాడు. నలభై ఏళ్ల తర్వాత.

పట్టుకున్నాను. గోడకి ఆ చివర నేను, ఈ చివర వాడు.

“మీవైపు కిందకి ఉంది. పైకి. ఇంకొంచెం. ఎక్కువైంది. ఆఁ, కదపకండి.”

మీటాడు. నీలం గీత పడింది. దగ్గరికొచ్చి చూశాడు. నా చివర వెంట్రుకవాసి వంకర. ఏమీ అనకుండా తడిగుడ్డతో తుడిచేసి, మళ్లీ వెళ్లి తన చివర పట్టుకున్నాడు. రెండోసారీ తుడిచాడు. మూడోసారి సరిగ్గా పడింది. ఇలా పన్నెండు గీతలు. నా వేళ్లు నీలం అయిపోయాయి. జేబులో కాగితం ఉంది. చెయ్యి ఖాళీ లేదు.

అచ్చిబాబు గారు పేపరు చదువుకోవడానికి లైబ్రరీకి వచ్చారు. మమ్మల్ని చూసి ఆగి, “ఏంటి మాస్టారూ, ఆదివారం కూలికి కుదిరారా?” అన్నారు. ఆయనకి అంతా తెలుసు.

“ఆయ్, కుదిరానండి,” అన్నాను.

బ్రహ్మం నవ్వలేదు. “ఇంకో గీత ఉంది,” అన్నాడు.

మధ్యాహ్నానికి పడమటి గోడకి గీతలు పూర్తయ్యాయి. బ్రహ్మం కుంచె తీసి ‘అ’ రాశాడు. నేను వెనక్కి జరిగి నిలబడ్డాను. వెళ్లమని అనలేదు. ఉండమనీ అనలేదు. ‘ఔ’ దాకా రాసి డబ్బా మూత పెట్టాడు.

“తూర్పు గోడకి రేపు గీతలు కొట్టాలండి,” అన్నాడు దారం చుట్టుకుంటూ. నాతో అన్నాడో గోడతో అన్నాడో తెలియదు. “మీకు రేపు బడి ఉంటుంది కదా.”

“సెలవు పెడతాను.”

దారం ఉండ సంచిలో వేసుకుని సైకిలు స్టాండు తీశాడు. ఎక్కబోతూ ఆగాడు.

“ఏడింటికల్లా రావాలండి మరి. ఎండెక్కితే నీలం కంటికి ఆనదు,” అని వెళ్లిపోయాడు.

అనుకున్న మాట చెప్పలేదు. రేపు కూడా చెప్పనివ్వడేమో. సెలవు చీటీ రాసి హెడ్మాస్టరు గారింట్లో ఇచ్చి వచ్చాను. ఎందుకని అడిగారు. బ్రహ్మం దగ్గర పని ఉందండి అన్నాను.